కూలివాని మొర: ఫిలింనగర్ కొండ కింద ఒక ప్రశ్న



కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘంలోని ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మావాడు సినిమాల్లో చేరతానని హైదరాబాదు పోయి ఎనిమిది నెలలైంది. ఫోనులో బాగున్నానంటాడు గాని వాడి గొంతు బాగా లేదు. మీరు పాస్టర్ల కూడికకు పోతున్నారంట గదా, ఒక్కసారి వాణ్ణి చూసి రండి" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. గోంగూర పచ్చడి సీసా, వెయ్యి రూపాయలు నా చేతిలో పెట్టింది.

ఆమెతో కలిసి ప్రార్థన చేశాను. దారి పొడవునా ఆ అబ్బాయికి చెప్పవలసిన మాటలు సిద్ధం చేసుకున్నాను. తప్పిపోయిన కుమారుని ఉపమానం (లూకా 15) నా నోట సిద్ధంగా ఉంది. పందులు మేపే పొలంనుండి వాణ్ణి ఇంటికి తీసుకురావడమే నా పని అనుకున్నాను.

కృష్ణానగర్‌లో మరి నలుగురితో కలిసి ఒక చిన్న గదిలో ఉంటున్నాడు. పచ్చడి సీసా చూడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఒక సినిమాలో పెళ్లి సన్నివేశానికి చుట్టాల గుంపులో నిలబడ్డాడట. మూడు రాత్రులు తెల్లవార్లూ పని. ఆ డబ్బు, దానికి ముందు చేసిన వారం రోజుల కూలి ఇంకా రాలేదట. ఏజెంటు కమీషను మాత్రం చేతికి వచ్చిన మొదటి డబ్బులోనే పట్టుకున్నాడట.

నేను ఉపమానం మొదలుపెట్టబోయేసరికి అతడే అడిగాడు. "అయ్యగారూ, సినిమా చూడటం పాపమని చిన్నప్పటినుండి మీ ప్రసంగాల్లో విన్నాను. సినిమాలో కష్టపడినవాడికి కూలి ఎగ్గొట్టడం పాపమని మాత్రం ఎప్పుడూ వినలేదు. అది బైబిల్లో లేదా?"

ఉంది. చేను కోసిన పనివారికి ఇయ్యక బిగపట్టిన కూలి మొరపెడుతున్నదనీ, ఆ కేకలు సైన్యములకధిపతియగు ప్రభువు చెవులకు చేరాయనీ అపొస్తలుడైన యాకోబు రాశాడు (యాకోబు 5:4). ఆ వచనాన్ని నేను ఎన్నిసార్లు చదివానో! పదిహేనేళ్ల సేవలో ఒక్కసారి కూడా దానిమీద కూలి గురించి ప్రసంగం చేయలేదు.

ఆ అబ్బాయి ప్రశ్న, డిప్లొమా చదివే రోజుల్లో నేను సగంలో వదిలేసిన ఒక పాఠం దగ్గరకు నన్ను మళ్లీ తీసుకుపోయింది. ఆ పాఠం పేరు విమర్శనాత్మక సామాజిక సిద్ధాంతం. పేరు పెద్దదే గాని దాని ప్రశ్నలు చిన్నవి. ఈ ఏర్పాటు ఇలా ఎందుకు ఉంది? దీనివలన ఎవరికి లాభం? దీని బరువు ఎవరు మోస్తున్నారు? మోసేవారికి కూడా ఇది సహజమేనని ఎందుకు అనిపిస్తోంది? ఆ రోజుల్లో ఇది కమ్యూనిస్టుల గొడవ, మనకెందుకు అని నోట్సు మూసేశాను.

కొండ మీద, కొండ కింద

తెలుగు సినిమా చాలా దశాబ్దాలు మద్రాసులో, కోడంబాకం ప్రాంతంలో పెరిగింది. తరువాత కొంచెం కొంచెంగా హైదరాబాదుకు తరలింది. అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైంది. బండరాళ్ల గుట్టలుగా ఉన్న జూబ్లీహిల్స్‌లో ఫిలింనగర్ వెలసింది. స్టూడియోలు, ఫిలిం చాంబర్, ఎడిటింగ్ గదులు, నటుల బంగళాలు అక్కడికి వచ్చాయి. ఊళ్లలో మన పిల్లలకు ఆ పేర్లు కంఠస్థం.

అయితే బంగళాలున్న ఆ కొండల మధ్య, దిగువన బస్తీలు కూడా ఉన్నాయి. దీపాలు మోసేవారు, సెట్లు కట్టే వడ్రంగులు, వంటవారు, డ్రైవర్లు, బంగళాల్లో పాచిపని చేసే అక్కలు ఆ ఇరుకు సందుల్లో ఉంటారు. కొండ దిగితే కృష్ణానగర్. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టులు రోడ్డు పక్కన గుంపులుగా నిలబడి బస్సుకోసం ఎదురుచూస్తారు. మన ఊళ్లో నాట్లకు, కోతలకు కూలీల అడ్డా ఎలా ఉంటుందో అదీ అంతే.

సినిమా తీయడానికి ఇరవై నాలుగు రకాల పనులు కావాలంటారు. తెరమీద మనకు కనిపించేవి నాలుగైదు ముఖాలు. 2025 ఆగస్టు 4న ఈ కార్మికుల సంఘాల సమాఖ్య 30 శాతం వేతనం పెంచాలని కోరుతూ పని ఆపింది. షూటింగులు ఆగిపోయాయి. కార్మికశాఖ మధ్యవర్తిత్వంతో 18 రోజుల తరువాత సమ్మె ముగిసింది. మూడేళ్లలో దశలవారీగా మొత్తం 22.5 శాతం పెంచడానికి ఒప్పందం కుదిరింది. పత్రికల్లో ఏ పెద్ద సినిమా విడుదల ఆలస్యమవుతుందో చదివాం. ఆ 18 రోజులు ఆ బస్తీల్లో పొయ్యి ఎలా వెలిగిందో మనలో ఎంతమంది అడిగాం?

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. 2018 ఏప్రిల్‌లో ఒక నటి వేషాల పేరుతో జరిగే లైంగిక దోపిడీని ఎత్తిచూపుతూ ఫిలిం చాంబర్ ముందు నిరసన తెలిపింది. 2024 ఆగస్టులో కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చి, మలయాళ సినిమాలో స్త్రీలు పడుతున్న బాధలను లోకానికి చూపింది. అలాంటి అమ్మాయిని గురించి మన సంఘాల్లో మొదట వచ్చే మాట "అక్కడికి ఎందుకు పోయింది?" అన్నది. ఆమెను బాధపెట్టినవాణ్ణి గురించిన ప్రశ్న చివరికి కూడా రాదు.

పాస్టరు గారి కుమారుడు, ఆయన స్నేహితులు

ఈ సిద్ధాంతం పుట్టింది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో. 1923లో అక్కడ సామాజిక పరిశోధనా సంస్థ ఒకటి స్థాపించబడింది. మాక్స్ హోర్క్‌హైమర్, థియోడర్ అడోర్నో అనే యూదు మూలాలున్న పండితులు దానిలో ముఖ్యులు. వారు మార్క్సు రచనలు చదివినవారే. మార్క్సు 1844లో మతాన్ని మత్తుమందుతో పోల్చిన సంగతి మీరు వినే ఉంటారు. కనుక వీరికీ దైవశాస్త్రానికీ పొత్తు కుదరదని నేను అనుకున్నాను.

చరిత్ర అలా లేదు. 1929 నుండి 1933 వరకు ఆ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించినవాడు పాల్ టిల్లిక్. ఈయన లూథరన్ పాస్టరు గారి కుమారుడు, తానూ అభిషేకం పొందిన పాస్టరే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మధ్య సేవ చేసి, చావులు కళ్లారా చూచినవాడు. కీర్కెగార్డ్ అనే క్రైస్తవ ఆలోచనాపరుని మీద అడోర్నో రాసిన పరిశోధన ఈయన చేతిమీదుగానే ఆమోదం పొందింది. ఒకే బల్ల చుట్టూ దైవశాస్త్రజ్ఞుడు, ఆ విమర్శకులు కూర్చుని వాదించుకున్నారు. 1933లో హిట్లరు అధికారానికి రాగానే ఉద్యోగాలు పోయినవారిలో టిల్లిక్, హోర్క్‌హైమర్ ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ అమెరికా చేరారు. టిల్లిక్ న్యూయార్కులోని యూనియన్ వేదాంత కళాశాలలో బోధకుడయ్యాడు.

హోర్క్‌హైమర్, అడోర్నోలు 1940ల మొదట్లో వెళ్లి నివసించింది ఎక్కడనుకుంటున్నారు? లాస్ ఏంజెలిస్‌లో, హాలీవుడ్ పొరుగున. ఆ లోకపు ఫిలింనగర్ పక్కన కూర్చుని వారు ఒక పుస్తకం రాశారు. 1944లో కొద్ది ప్రతులుగా, 1947లో అచ్చు పుస్తకంగా అది వెలువడింది. దానిలో సినిమా, రేడియోల గురించి ఒక అధ్యాయం ఉంది. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను. వినోదం కూడా ఫ్యాక్టరీ సరుకులాగే తయారవుతోంది. పగలంతా అలసిపోయినవాడు సాయంత్రం దానిని చూచి, మరునాడు అదే బరువు ఎత్తుకోవడానికి సిద్ధపడతాడు. వేలమందిలో ఒక్కరికి అదృష్టం తగిలి తార అయితే, మిగిలినవారు "రేపు నా వంతు" అనుకుంటూ తమ కూలి సంగతి అడగడం మానేస్తారు.

ఇది చదివినప్పుడు ఆ అబ్బాయి గదిలో గోడమీద అంటించిన హీరో బొమ్మ నాకు గుర్తుకొచ్చింది. "ఒక్క ఛాన్సు వస్తే చాలు అయ్యగారూ" అన్నాడు. ఆ ఒక్క ఛాన్సు మాటతోనే పది రోజుల కూలి అడగకుండా ఊరుకున్నాడు.

యెషయా ముందే అడిగాడు

ఈ చూపు మనకు కొత్తదేమీ కాదు. యెషయా 44వ అధ్యాయం తీయండి. ఒకడు చెట్టు నరుకుతాడు. సగం కట్టెతో చలి కాచుకుంటాడు, రొట్టె కాల్చుకుంటాడు. మిగిలిన సగంతో బొమ్మ చేసి దానికి సాగిలపడి నన్ను రక్షించుమంటాడు. ప్రవక్త ఇక్కడ విగ్రహం తప్పు అని చెప్పి ఊరుకోలేదు. అది తయారైన కొట్టంలోకి మనలను తీసుకుపోయి, ఆ కట్టె ఎక్కడిదో, ఏ చేతులు చెక్కాయో చూపించాడు. సినిమా హాలు ముందు నిలువెత్తు కటౌటుకు పాలు పోసే తమ్ముడికి ఎవరైనా అలా నెమ్మదిగా చూపించాలి. ఆ కటౌటు కట్టినవాడు, కర్రలు మోసినవాడు తనలాంటి కూలివాడేనని.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంది. ఎఫెసులో దేమేత్రియు అనే కంసాలి అర్తెమిదేవికి వెండి గుళ్లు చేయించి పనివారికి మంచి లాభం కల్పించేవాడు. పౌలు బోధతో ఆ వ్యాపారం చెడుతుందని భయపడి పట్టణమంతా రేపాడు. పైకి దేవి మహిమ అంటున్నాడు, లోపల ఉన్నది లాభం లెక్క. భక్తి కింద దాగిన ఆ లెక్కను లూకా బయటపెట్టి రాశాడు. ఇరవయ్యో శతాబ్దపు పండితులు విమర్శ అని పేరు పెట్టిన పనిని పరిశుద్ధాత్మ ప్రేరణతో మన గ్రంథకర్తలు ఎప్పుడో చేశారు. మనమే దానిని చదవడం మరిచాం.

తెర పక్కన నిలబడిన కవి

మన తెలుగు నేలమీద ఈ ప్రశ్న అడిగినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు గుర్రం జాషువా గారు. 1895లో వినుకొండలో పుట్టిన ఈ మహాకవి పడుచువయసులో రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ, మాటలు చదివి వినిపించే పని చేశాడు. తెరమీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి వాటికి గొంతు ఇచ్చేవాడు. ఆ మనిషికి ఊళ్లో అంటరానితనం. 1941లో ఆయన గబ్బిలం కావ్యం రాసి, గుడిలోకి రానియ్యని మనిషి మొరను గబ్బిలం చేత దేవుని చెవిలో వేయించాడు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

తరువాత 1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కళాశాలలో అరవింద్ నిర్మల్ గారు చేసిన ప్రసంగం దళిత దైవశాస్త్రానికి బీజం వేసింది. మరుసటి ఏడు కె. విల్సన్ గారు హైదరాబాదు నుండి వెలువరించిన పుస్తకం, దళిత క్రైస్తవుడు రెండు విధాల వేరుచేయబడినవాడని చూపింది. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ రక్తం చూచాక, ఆత్మల రక్షణ చెబితే చాలు, ఊరి సంగతి మనకెందుకు అనడం ఏ కాపరికీ సాధ్యం కాలేదు. కారంచేడు బాధితులు చీరాలకు పరుగెత్తివచ్చినప్పుడు తలదాచుకున్నది చర్చి ఆవరణలోనే.

సినిమా తెరను కూడా ఈ కళ్లతో చూడండి. పాత సినిమాల్లో క్లబ్బులో నాట్యం చేసే అమ్మాయి పేరు చాలాసార్లు రోజీ, లిల్లీ. తాగి తూలే దొంగసరుకు వ్యాపారి పేరు పీటరో రాబర్టో. అవి మన సండే స్కూలు పిల్లల పేర్లు. వందసార్లు చూచేసరికి అది కథ అని మరిచిపోయి, లోకం అలాగే ఉంటుందనుకుంటారు. మన పేరు చెప్పగానే కాలేజీలో తోటిపిల్లలు నవ్వితే ఆ నవ్వు ఎక్కడినుండి వచ్చిందో మనకు తెలియాలి.

అదే పరిశ్రమ 1978లో కరుణామయుడు చిత్రాన్ని ఇచ్చింది. విజయచందర్ గారు ప్రభువు పాత్ర ధరించిన ఆ చిత్రాన్ని ఊరూరా తెల్లగుడ్డ కట్టి చూపించారు. సిలువ దృశ్యం దగ్గర ఏడ్వనివారు లేరు. నేనూ ఏడ్చాను. ఆయన వెంట నడిచిన ఆ జనసమూహంలో నిలబడినవారు రోజుకూలి మనుషులై ఉంటారని నాకు ఆనాడు తట్టలేదు.

సిద్ధాంతం ఆగిపోయే చోటు

అయితే ప్రియులారా, ఒక హెచ్చరిక. ఈ సిద్ధాంతం రోగం ఎక్కడుందో చూపుతుంది గాని ప్రాణం పోయలేదు. ఎదుటివాని ముసుగు తీయడం అలవాటైతే మన ముసుగు మనకు కనబడదు. దోపిడీ ఏర్పాట్లలోనే ఉందని అది చెబుతుంది. హృదయంలో కూడా ఉందని వాక్యం చెబుతుంది. నిన్న దెబ్బలు తిన్నవాడు నేడు చేతికి కర్ర వస్తే ఏం చేస్తాడో మనం చూస్తూనే ఉన్నాం. మారుమనస్సు అనే మాట ఆ పుస్తకాల్లో నాకు దొరకలేదు.

హోర్క్‌హైమరే 1970లో ఒక ముఖాముఖిలో దైవశాస్త్రాన్ని గురించి గౌరవంగా మాట్లాడాడు. లోకంలో జరిగే అన్యాయమే చివరి మాట కాకూడదన్న ఆశ దానిలో ఉందని, ఆ ఆశను మనిషి పోగొట్టుకోకూడదని ఆయన భావం. ఆయన దానిని ఆశగా చెప్పి ఆగాడు. సమాధి ఖాళీగా ఉందని మనం సాక్ష్యమిస్తున్నాం. అన్యాయంగా చంపబడినవానిని దేవుడు లేపాడు గనుక హంతకులది చివరి మాట కాదు.

మరొకటి ఉంది. సిద్ధాంతానికి కూలివారు ఒక వర్గం. సినిమాకు వారు వెనుక నిలబెట్టే గుంపు. యేసు ప్రభువు ఆ సమూహమును చూచి కనికరపడ్డాడు (మత్తయి 9:36). గుంపు తోసుకుంటున్నప్పుడు కూడా తన వస్త్రపు చెంగు ముట్టిన ఒక్క స్త్రీ కోసం ఆగి, ఆమెను కుమారీ అని పిలిచాడు (మార్కు 5:34). గుంపులో నిలబడిన ఆ అబ్బాయికి ముందుగా కావలసినది అదే. ఎవరైనా ఆగి, వాని ముఖం చూచి, వాని మాట వినడం.

మన గోడ సంగతి

హైదరాబాదునుండి తిరిగి వచ్చి ఆదివారం యాకోబు 5వ అధ్యాయం మీద ప్రసంగించాను. అందరూ ఆమెన్ అన్నారు. గుమ్మం దగ్గర ఒక తాపీమేస్త్రి ఆగాడు. "అయ్యగారూ, మంచి మాట చెప్పారు. మందిరం ప్రహరీగోడకు పనిచేసిన మా మనుషులకు ఇంకా రెండు నెలల బాకీ ఉంది" అని మెల్లగా అన్నాడు.

ఆ గోడ ప్రతిష్ఠకు మేము పూలతోరణాలు కట్టాం, మైకు సెట్టు పెట్టాం, పెద్దలకు శాలువాలు కప్పాం. ఇటుకలు మోసినవారిని మరిచిపోయాం. లెక్కల పుస్తకం నా చేతిలోనే ఉండేది. తప్పు నాది. అన్యాయముచేత ఇల్లు కట్టించి, పొరుగువానిచేత ఊరకే పని చేయించుకొనువానికి శ్రమ అని యిర్మీయా చెప్పిన మాట (యిర్మీయా 22:13) జూబ్లీహిల్స్ మేడలకు మాత్రమే అనుకుంటూ వచ్చాను. అది మా మందిరపు గోడ మీదే రాసి ఉంది. ఆ సాయంత్రమే కమిటీని కూర్చోబెట్టి, పండుగకు దాచిన సొమ్ములోనుండి బాకీ తీర్చాం. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు లైట్లు తక్కువ పెట్టాం.

కనుక నేను నేర్చుకున్న పాఠం ఇది. ఈ లోకపు ఏర్పాట్లను ప్రశ్నించే విద్యకు మనం భయపడనక్కరలేదు. అది ప్రవక్తల విద్య. అయితే ఆ ప్రశ్న మొదట దేవుని ఇంటియొద్ద ఆరంభం కావాలి. మన ప్రహరీ దగ్గర అడగని ప్రశ్నను ఫిలింనగర్ గేటు దగ్గర అడిగే అధికారం మనకు లేదు.

మన ఇళ్లలో, సంఘాల్లో చేయదగినవి కొన్ని ఉన్నాయి. మన పొలంలో, మందిరంలో పనిచేసినవారికి ప్రొద్దు క్రుంకక ముందే కూలి ఇద్దాం (ద్వితీయోపదేశకాండము 24:15). పిల్లలతో సినిమా చూడాలా వద్దా అన్న వాదంతో ఆపక, ఆ కథలో ఎవరిని చిన్నచూపు చూశారో, ఎవరి కష్టం కనబడలేదో మాట్లాడదాం. పట్నం పోయిన బిడ్డలను నిందతో కాక ఫోనుతో, ప్రార్థనతో వెంబడిద్దాం. మోసపోయి తిరిగి వచ్చిన ఆడపిల్లను మొదటి వరుసలో కూర్చోబెడదాం.

ఆ అబ్బాయి ఇంటికి రాలేదు. యూనియన్‌లో ఉన్న ఒక పెద్దాయనను వెంటబెట్టుకొని వెళ్లి అడిగితే బాకీలో సగం వచ్చిందట. ఇప్పుడు సెట్లు కట్టే వడ్రంగి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఆదివారం షూటింగు లేకపోతే బస్తీలోని ఒక చిన్న కూడికకు పోతున్నాడట. మన ప్రభువు కూడా వడ్రంగియే గదా అని వాళ్లమ్మ నాతో అని నవ్వింది. మిగిలిన సగం కూలి కోసం ఆమె, నేను ఇంకా ప్రార్థిస్తున్నాం. ఈ సంగతి చదివిన మీరు కూడా ప్రార్థించండి.

కూలివాని మొర వినే దేవుడు మన చెవులను కూడా తెరచును గాక. ఆమెన్.